దారం కొలత

మూడు నెలలుగా దశరథ నోట సమాధుల ముచ్చటే. ఇబ్రహీంపట్నం చివర పాత క్రైస్తవ సమాధుల తోటలో అరిగిపోయిన చెక్కడాలకు మళ్లీ ఉలి పెట్టే పని చర్చివాళ్లు అతనికి అప్పజెప్పారు. అన్నం ముందు కూర్చుని భార్యకు చెప్పేవాడు: గొర్రెపిల్ల ఉంటే పసిబిడ్డ సమాధి, సగంలో విరిగిన స్తంభం ఉంటే వయసులో పోయినవాళ్లది, లంగరుంటే ఆశ.

“మరి రెండు చేతులుంటే?” అని నర్మద అడిగింది ఒకనాడు.

“ముందు పోయినోళ్లు ఎనకొచ్చేటోళ్లకు చెయ్యి అందిచ్చినట్టు.”

ఆ మాట ఆమెకు మింగుడు పడలేదు. ఆ తోటలోనే బుచ్చి ఉంది. దశరథ మొదటి భార్య. కాన్పులో పోయి ఐదేళ్లయింది. ఆమె రాయి మీద పేరు తప్ప ఇంకేమీ లేదు, ఇన్నాళ్లూ.

మంగళవారం పొద్దున, ఉయ్యాలలో నిద్రపోతున్న ఏడు నెలల వినీత్ పిడికిలి మెల్లగా విప్పి దశరథ దారంతో కొలుస్తుంటే నర్మద గడపలోంచి చూసింది. మణికట్టు దగ్గరొక ముడి, వేలి కొస దగ్గరొక ముడి. చెక్కబోయే దేన్నైనా అతను అట్లాగే కొలుస్తాడు. దారం జేబులో వేసుకుని పనికి పోయాడు.

ఆమెకు మనసు ఊరుకోలేదు. పిల్లవాణ్ని చంకనేసుకుని వెనకే నడిచింది.

బుచ్చి రాయి మీద ఎర్రమట్టి జాజుతో గీసిన ఆడమనిషి చెయ్యి, రెండు గాజులతో. దాని పట్టులో ఒక చిన్న చెయ్యి. పక్కనే ఆ దారం.

“నా కొడుకు చెయ్యి తెచ్చి ఆమె చేతుల పెడ్తున్నవా?”

“జర ఆగు, నర్మదా.”

“ఏం ఆగాలె? సచ్చినంక గూడ నా పిలగాన్ని గుంజుకుంటదా? నా గాజులు పగిలి నెలాయె, నీ కండ్లకు కనవడలే. ఈమెకైతే రాయి మీద తొడుగుతున్నవ్!”

దశరథ ఉలి కింద పెట్టాడు. “గది వినీత్‌ది కాదే. ఆమెతోని పోయిన బిడ్డది. నాకు సూపియ్యలే, బట్టల సుట్టి ఆమె పక్కన పెట్టిన్రు. చెయ్యి ఎంతుంటదో నాకేమెరుక? అందుకే కొలిచిన.”

“ఐదేండ్లు కడుపుల పెట్టుకున్నవ్. నాతోని ఒక్క మాట అన్లే. ఆమెతోనైతే రాయి మీద చెప్పుకుంటున్నవ్.”

వినీత్ దారం కోసం చెయ్యి చాపాడు. ఆమె చప్పున ఆ చేతిని వెనక్కి లాగింది. రాయి మీద గీసిన ఆ చిన్న చేతిని వంగి పరీక్షగా చూసింది.

“తప్పు గీసినవ్. అప్పుడే పుట్టిన బిడ్డ చెయ్యి గింత పెద్దగుండదు.”

దారం అందుకుని ముడులున్న ముక్కను పళ్లతో తెంపింది. మిగిలిన దారాన్ని తన చూపుడు వేలి మీద పెట్టి, కొస నుంచి రెండు కణుపుల దాకా కొలిచి ముడేసి ఇచ్చింది.

“గింతే. వేళ్లు ముడుసుకోని ఉంటయ్. గోర్లు మరువకు.”

దశరథ తడిగుడ్డతో పాత గీత తుడుస్తుంటే ఆమె పిల్లవాణ్ని చంకలో సర్దుకుంది.

“ఆమెకు రెండు గాజులే ఉండనియ్యి. నాకు సాయంత్రం డజను తేవాలె.”

కొడుకు కొలత ముక్కను కొంగున ముడేసుకుని, తిరిగి చూడకుండా నడిచింది.