పీపాల జట్టు గెలిచిన బంతి

సరస్సు ఒడ్డునున్న మా పోర్ట్ ఎల్డర్‌లో ఒకప్పుడు జీతం తీసుకుని బాస్కెట్‌బాల్ ఆడే జట్టు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. పగలంతా కార్ఖానాలో చెక్కలు వంచి పీపాలకు ఇనుపకట్లు బిగించిన మనుషులే శనివారం సాయంత్రం మెరిసే శాటిన్ నిక్కర్లు తొడుక్కుని ఆర్మరీ అనే పాత ఆయుధశాల హాల్లో ఆటకు దిగేవారు. జట్టుకు అసలు పేరేదో ఉండేది గాని, ఊరంతా వాళ్ళని ‘పీపాలు’ అనే పిలిచేది. 1948 మార్చిలో ఆ పీపాలు చికాగో నుంచి వచ్చిన జట్టును ఒక్క పాయింటు తేడాతో ఓడించి లీగ్ గెలిచాయి. మర్నాడు ఊళ్ళో ఒక్క దుకాణం తెరిస్తే ఒట్టు. ఆ తర్వాత లీగ్ పెద్ద నగరాలకు తరలిపోయింది, జట్టు మూతపడింది.

గెలిచి నలభై ఏళ్ళయిన సందర్భంగా ప్రదర్శన పెడదామనుకున్నాను. ఊరి మ్యూజియం చూసుకునేది నేనే. ‘మీ అటకల మీద ఏమున్నా తెచ్చివ్వండి’ అని చాటించాను. చిమ్మటలు కొట్టేసిన బనీన్లు వచ్చాయి. మోకాళ్ళకు కట్టుకునే తోలుపట్టీలు వచ్చాయి. జట్టంతా పీపాల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఫోటో ఒకటి వచ్చింది. అసలు కావలసింది మాత్రం రాలేదు. ఆట గెలిపించిన ఆఖరి బుట్టలో పడ్డ బంతి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఒక సోమవారం లాంబర్ట్ రూబెస్కి వచ్చాడు. ఆ ఆఖరి బుట్ట వేసినవాడు. అరవయ్యారేళ్ళొచ్చినా ఇంకా గుమ్మంలో తల వంచాల్సిందే. చంకలో టోపీల పెట్టె ఉంది.

“తలుపెయ్యి పిల్లా,” అన్నాడు గొంతు తగ్గించి. “ఇదే ఆ బంతి. కోచ్ ఎమిల్ నా చేతికే ఇచ్చాడు. ఎవరితోనూ అనొద్దని ఒట్టేయించుకున్నాడు. పాపం, ఆయన పోయి పదేళ్ళయింది కదా, ఇంక పర్లేదనుకున్నా.”

తోలుబంతి. ఒక పక్క బూటుకున్నట్టు తాడు అల్లిక. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అద్దాల బీరువాలో పెట్టి, ఆ పూటంతా దాని చుట్టూ తిరిగాను.

మర్నాడు ఆల్విన్ కీల్ బంగాళాదుంపల సంచీతో వచ్చాడు. జట్టులోకెల్లా పొట్టివాడు, నోరు మాత్రం అందరికంటే పొడుగు.

“తలుపెయ్యి. ఇదే ఆ బంతి. కోచ్ నాకొక్కడికే ఇచ్చాడు.”

నేను చప్పున బీరువాకు అడ్డంగా నిలబడ్డాను. అతని చేతిలోనూ అదే తోలు, అదే అల్లిక. ఎవరిది నమ్మాలో తెలియక అతని బంతిని బల్లకింద దాచాను. అక్కడితో ఆగితే బాగుండును. గురువారం కల్లా మరో ముగ్గురు రహస్యంగా తలుపు వేయించారు. అరిజోనా నుంచి ఒక ఆటగాడి భార్య పోస్టులో ఇంకోటి పంపింది. నాకు పిచ్చెక్కినట్టయింది. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

చివరకు శుక్రవారం మధ్యాహ్నం, ఆర్మరీలో చేపల వేపుడు విందుకి ఆ ఆటగాళ్ళందరినీ పిలిచాను. కోచ్ భార్య హుల్డాను కూడా పిలిచాను. నిజం తేలిస్తే ఆవిడే తేల్చాలి. బంతులన్నీ పొడుగాటి బల్ల మీద పెట్టి పైన దుప్పటి కప్పాను. ఎలా మొదలుపెట్టాలా అని నేను తంటాలు పడుతుంటే ఆల్విన్ చటుక్కున దుప్పటి లాగేశాడు.

అందరి నోటా ఒకేసారి మాట.

“మధ్యలోది నాది. మిగతావన్నీ దొంగవి,” అన్నాడు లాంబర్ట్.

“నీది బంతి కాదురా, గుమ్మడికాయ!” ఆల్విన్ బల్ల మీద గుద్దాడు. “అసలు నేను అందివ్వకపోతే నువ్వు బుట్టెలా వేసేవాడివి?”

“నువ్వందించావా? నీ చెయ్యి నా నడుం దాటి పైకొచ్చిందెప్పుడురా?”

ఇంతలో కిచకిచమని చప్పుడు. హుల్డా కుర్చీలో ముందుకు వంగి, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కట్టుడు పళ్ళు జారబోతే చేత్తో అదుముకుంది.

“అయ్యో నా తండ్రుల్లారా! అది సరస్సులో ఉందిరా!”

“ఏది?”

“ఆ బంతే! ఆట గెలిచాక మీ కోచ్ సంతోషం పట్టలేక బయటికి పరిగెత్తి దాన్ని ఒక్క తన్ను తన్నాడు. అది సరస్సు మంచు మీద పడి జారింది, జారింది, ఇంక ఆగితేనా! నేను ఎత్తుమడమల బూట్లతో, ఆయన టై ఊపుకుంటూ దాని వెనకాల పరిగెత్తాం. మంచు పగిలిన చోట గుబుక్కున నీళ్ళలో పడి తేలుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాడు లాంబర్ట్ వచ్చి బంతి ఇమ్మన్నాడు. వాడి మొహం చూసి మీ కోచ్ లేదనలేకపోయాడు, ఓ పాత బంతి ఇచ్చాడు. ఆ తర్వాత ఆల్విన్ వచ్చాడు, ఆ తర్వాత వీడు, వాడు... పాతవి అయిపోతే కొత్తవి కొనుక్కొచ్చాడు. వంటింట్లో కూర్చుని కాఫీ పులిమి వాటిని పాతవాటిలా చేసింది నేనే!”

లాంబర్ట్ మొహం ఎర్రబడింది. “నలభై ఏళ్ళు మంచం పక్కన పెట్టుకున్నానమ్మా. మనవళ్ళని ముట్టుకోనివ్వలేదు.”

“నేను పొద్దున్నే మా ఆవిడకంటే ముందు దాన్నే పలకరించేవాణ్ణి,” అన్నాడు ఆల్విన్ నీరసంగా.

ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందు లాంబర్ట్ భుజాలు కదిలాయి. తర్వాత హాలంతా నవ్వు. ఎవరో బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చినంత పనిచేశారు. ఆ నవ్వులోనే లాంబర్ట్ ఒక బంతి ఎత్తి నేలకేసి కొట్టాడు.

“అది మ్యూజియం సొత్తు!” అని అరిచాను.

“కాఫీ తాగిన బంతికి మ్యూజియమేంటి పిల్లా!”

అంతే, కోట్లు విప్పి కుర్చీల మీద పడేశారు. సగం బంతుల్లో గాలి లేదు, నేలకు కొడితే రొట్టె పిండిలా చతికిలబడ్డాయి. ఉన్న గాలితోనే ఆడారు. ఒకటి కిటికీకి తగిలింది, ఒకటి ఊరగాయ సీసాల మీద పడింది. మోకాళ్ళు కటకటమంటున్నా ఎవరూ ఆగలేదు. ఒక్కటంటే ఒక్కటి గోడకున్న పాత బుట్టలో పడలేదు. ఆఖరికి హుల్డా లేచి, చేతిసంచీ నాకిచ్చి, రెండు చేతులతో కిందినుంచి విసిరింది. బంతి ఇనుప వలయం చుట్టూ రెండుసార్లు తిరిగి లోపలికి దిగింది. లాంబర్ట్ ఆవిణ్ణి అమాంతం గాల్లోకెత్తేశాడు.

“దించరా వెధవా, నడుం పోతుంది!” అని అరుస్తూనే ఆవిడ ఇంకా పైకెత్తమన్నట్టు చేతులు చాపింది.

చేపలు చల్లారిపోయాయి. చల్లారినవే పోటీపడి తిన్నాం.

ప్రదర్శనలో ఆ బంతులన్నీ వరసగా పెట్టాను. ఊరు ఊరంతా వచ్చింది. హుల్డా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళకల్లా సరస్సు కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ బంతి మరికాస్త దూరం వెళ్ళింది. సాయంత్రమయ్యేసరికి సరిహద్దు దాటి కెనడా చేరింది. పక్కనే నిలబడ్డ ఆటగాళ్ళు ప్రతిసారీ, అక్షరం పొల్లుపోకుండా అలాగే జరిగిందని తల ఊపారు.