పంతులు రాసిన తారీఖు

కొత్తవాడలో దేవదాస్ జిరాక్స్ షాపుకు గిరాకీ ఎంతుంటుందో గానీ, దాని ముందు వేలాడే నల్లబోర్డుకు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. పొద్దున షట్టర్ ఎత్తగానే దేవదాస్ ఆ బోర్డు తుడుస్తాడు. పైన "చరిత్రలో ఈ రోజు" అని రాసి, కింద నాలుగు ముచ్చట్లు దించుతాడు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ దేశంలో ఏం కనిపెట్టారు. అన్నింటికీ అడుగున వాడలో ఆ రోజు పుట్టినవాళ్ళ పేర్లు. నేల మీద పరిచే దరీలు నేసేవాళ్ళు మగ్గం దిగి చాయ్‌కి వస్తే, ముందు బోర్డు చదివి ఆ తర్వాతే గ్లాసు పట్టుకుంటారు.

జూన్ ఒకటి వస్తే మాత్రం బోర్డు చాలదు. వాడలో సగం మంది ఆ రోజే పుట్టారు. నిజంగా పుట్టలేదు లెండి. బడిలో చేర్పించేటప్పుడు పంతులు "ఎప్పుడు పుట్టిండు?" అని అడిగితే తల్లులు "వానలు బడ్డంక" అనో, "మా మరిది పెండ్లికి ముంగట" అనో చెప్పేవారు. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కేసి, వయసు సరిపోయే సంవత్సరం చూసి, జూన్ ఒకటి అని రాసి పారేసేవాడు. రోజూ ఎన్ని ఆధార్ కార్డులు మెషిన్‌లో పెట్టినా దేవదాస్‌కు ఎదురయ్యేది ఆ తారీఖే. సినిమా నటి నర్గీస్ పుట్టిన రోజనీ, డెక్కన్ క్వీన్ రైలు మొదటిసారి కదిలిన రోజనీ రాద్దామంటే జాగా మిగలదని ఏటా గొణుక్కుంటాడు.

ఇంత లోకజ్ఞానం ఇచ్చిన దేవుడు అతనికి నమ్మకం మాత్రం ఇవ్వడం మరిచాడు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటాడు, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటాడు. "నిన్ను చేసుకున్నంక నా మీద నాకే అనుమానం వస్తాంది" అని భార్య భవాని పది మందిలోనే అనేస్తుంది.

అలాంటి మనిషి ఇంటికి మొన్న దసరా వెళ్ళాక సుదర్శన్ వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, వినోదను చేసుకుంటానన్నాడు.

వినోద దేవదాస్ చెల్లెలు. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త లారీ కింద పడి పోతే, అన్న ఇంటికి వచ్చి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుంది. సుదర్శన్ పవర్‌లూమ్ మెకానిక్. భార్య పోయిన మనిషి, పిల్లలు లేరు. ఏడాదిన్నర కింద ఎదురింటి పై పోర్షన్‌లోకి అద్దెకు దిగాడు. అతను అడుగుతున్నంతసేపూ వినోద తలుపు పక్కన నిలబడే ఉంది, తల దించలేదు. ఆమెకు ఇష్టమేనని దేవదాస్‌కు అప్పుడే అర్థమైంది. "ఆలోచన చేస్త" అన్నాడు. అంటే అనుమానించడం మొదలుపెడతానని అర్థం.

అనుమానానికి సందు దొరికింది కూడా. లేచి వెళ్ళబోతూ సుదర్శన్ ఒక మాట అడిగాడు.

"అన్నా, వినోద పుట్టిన దినం ఎప్పుడు?"

"జూన్ ఒకటి."

"అది పంతులు రాసింది గదా. అసలుది?"

"గదెందుకు నీకు?"

"ఊకెనే" అన్నాడు సుదర్శన్, చెప్పులేసుకుంటూ.

ఊకెనే! ఊరికే ఎవడైనా పుట్టినతేదీ అడుగుతాడా? ఆ రాత్రి దేవదాస్‌కు అన్నం సయించలేదు. ఈ కాలంలో పుట్టినతేదీ ఉంటే చాలు, బ్యాంకు ఖాతాలోకి దూరిపోతున్నారు. ఆడమనిషి పేరు మీద ఇన్సూరెన్స్ కట్టించి, తర్వాత మెట్ల మీంచి తోసేసిన వార్తలు అతను ఎన్ని చదవలేదు! పైగా డోర్నకల్‌లో స్టేషన్‌కు దగ్గరగా అమ్మ పసుపు కుంకుమ కింద వినోదకిచ్చిన జాగా ఉంది. అది గుర్తుకురాగానే లేచి కూర్చున్నాడు.

"పామును జూసి భయపడేటోళ్ళను జూసిన. నువ్వు తాడును జూసి, దాన్ని పేనినోని మీద గూడ కేసు వెడ్తవ్" అని భవాని అటు తిరిగి పడుకుంది.

కానీ ఆ తర్వాత జరిగినవి చూస్తే ఎవరికైనా అనుమానం రాదా? ఎదురుగా దేవదాస్ షాపు ఉండగా, సుదర్శన్ చేతిలో కవరు పట్టుకుని హనుమకొండ ఆటో ఎక్కాడు. అక్కడి జిరాక్స్ షాపులోంచి బయటికి వస్తుంటే, కాగితాల కోసం వెళ్ళిన దేవదాస్ కళ్ళారా చూశాడు. ఆదివారాలు మనిషి ఇంట్లో ఉండడం మానేశాడు. ఒక సోమవారం అతని చొక్కా జేబులోంచి డోర్నకల్ రైలు టికెట్ కొస కనబడింది.

వినోద జాగా ఉన్న ఊరే! దేవదాస్ వెంటనే డోర్నకల్‌లో ఉండే చిన్నమ్మకు ఫోన్ చేశాడు. శ్యామలమ్మ అతని తల్లికి సొంత చెల్లెలు, అబద్ధమాడటం చేతకాని మనిషి.

"చిన్నమ్మా, మీ దిక్కు సుదర్శన్ అనేటాయన ఎవరన్న వచ్చిండా?"

అవతల రైలు కూస్తుంటే, ఆ మోతలోనే ఆమె గబగబా అనేసింది.

"ఎవ్వలు రాలే బిడ్డా. ఎవ్వలొస్తరు నా దగ్గరికి?" అని ఫోన్ పెట్టేసింది.

యోగక్షేమాలైనా అడగకుండా పెట్టేసిందంటే, చిన్నమ్మ కూడా అటే కలిసిందన్నమాట! దేవదాస్‌కు కోపం కన్నా బాధే ఎక్కువైంది. అమ్మ పోయేటప్పుడు చెల్లెలి చేతిని అతని చేతిలోనే పెట్టింది. ఒకసారి దెబ్బతిన్న పిల్ల మళ్ళీ ఎవడి చేతిలోనో మోసపోతే తను బతికుండి ఏం లాభం? జాగా కాగితాలు ఒకసారి చూపించమని వినోదను అడిగాడు. ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ అతని వైపు చూసింది.

"కాగితాలు గావాల్నా, లేకపోతే నేను ఏమన్న దాస్తాన్ననా అని జూస్తాన్నవా అన్నా?"

అతను చెయ్యి చాపాడు. ఆమె బీరువా తెరిచి కాగితాలు అతని ముందు పెట్టి, మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. అవి భద్రంగానే ఉన్నాయి. అయినా దేవదాస్ మనసు కుదుటపడలేదు. సంతకం ఇంకా పెట్టించుకోలేదు కాబోలు అనుకున్నాడు. అప్పట్నుంచి అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు తగ్గాయి.

జాతర రద్దీ తగ్గి, వాడ మళ్ళీ మగ్గాలెక్కిన ఫిబ్రవరిలో పదహారో తారీఖు వచ్చింది. దేవదాస్ పొద్దున్నే బోర్డు రాశాడు. 1937లో నైలాన్‌కు పేటెంట్ వచ్చిన రోజు. 1944లో దాదాసాహెబ్ ఫాల్కే కన్నుమూసిన రోజు. 1980లో మన తెలంగాణ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం. మొదటి రెండూ పుస్తకాల్లోవి, మూడోది తన సొంతం. అప్పుడతనికి ఎనిమిదేళ్ళు. తండ్రి కిటికీలకు దుప్పట్లు కట్టి లోపల కూర్చోబెడితే, సందులోంచి చూసి, పట్టపగలు వాడంతా చీకటైందని కేక పెట్టి తన్నులు తిన్నాడు. ఏటా ఈ రోజు చాయ్‌కి వచ్చినవాళ్ళకు ఈ ముచ్చట చెప్పనిదే వదలడు. వాళ్ళూ కొత్తగా విన్నట్టు ముఖం పెడతారు.

ముచ్చట సగంలో ఉండగా ఎదురింటి ముందు ఆటో ఆగింది. అందులోంచి దిగింది శ్యామలమ్మ! సుదర్శన్ ఆమె చేయి పట్టుకుని మెట్లెక్కించాడు. వెనకాలే తమ ఇంట్లోంచి వినోద వచ్చింది, కొత్త చీర కట్టుకుని. ఆమె వెంట భవాని, చెంగు చాటున ఏదో దాచుకుని. పై పోర్షన్ తలుపు మూసుకుంది.

జాగా సొంతదారు, సాక్షి, ఇక సంతకం. అన్నీ కుదిరాయి. కట్టుకున్న పెళ్ళాం కూడా సాక్షి సంతకానికే వెళ్ళింది! దేవదాస్ సుద్దముక్క పారేసి రోడ్డు దాటాడు. మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. రెండు చేతులతో తలుపు బాదాడు.

"ఏయ్ సుదర్శన్! తలుపు తియ్యి! నా చెల్లెతోని ఏం సంతకాలు వెట్టిస్తాన్నవ్? పోలీసులను పిలుస్త!"

కింద రోడ్డు మీద చాయ్ తాగేవాళ్ళంతా తలలు పైకెత్తారు. తలుపు తెరుచుకుంది. స్టూలు మీద చిన్న కేకు. దాని చుట్టూ నలుగురు మనుషులు. ఒక్క కాగితం ముక్క కూడా లేదు.

"నిన్ను పిలుద్దామనే వస్తాన్న" అంది భవాని. "అంతల నువ్వే ఊరంతా పిలిచినవ్."

"ఏందిది?" అన్నాడు దేవదాస్.

"నా పుట్టిన దినం" అంది వినోద.

"ఇయ్యాలనా? నీది జూన్..."

"ఇయ్యాలనే కొడుకా" అంటూ శ్యామలమ్మ కొంగుతో కళ్ళద్దుకుంది. "మీ అమ్మ కాన్పుకు మా ఇంటికి వచ్చింది. గ్రహణం సూర్యున్ని మింగి పట్టపగలు చీకటైంది జూడు, కోళ్ళు గంప కిందికి ఉరికినై. గప్పుడు పుట్టింది ఇది. గ్రహణంల పుట్టిన పిల్ల అంటే రేపు ఎవ్వలు చేసుకుంటరని మీ అమ్మ నాతోని ఒట్టు వేయించుకున్నది. మీ నాయినకు గూడ నాలుగు దినాలు ఆగి కబురు వంపినం. దీని మొగడు వోయినప్పుడు నేను నోరిప్పుంటే, గ్రహణం పిల్ల మింగిందని దీన్నే ఆడిపోసుకుందురు."



"మరి ఇప్పుడెందుకు చెప్పినవ్?" అన్నాడు దేవదాస్.

"ఈయన వచ్చుడు ఆపితెనా? ప్రతి ఐతారం రైలు దిగుతాండు. నీ బిడ్డకు ఒక్క దినమన్న దాని సొంతం ఉండొద్దా అత్తమ్మా అంటాండు. నీకు చెప్పొద్దని నేనే అన్న. ముందుగాల దానికి చెప్పుకోవాలె గదా నేను."

సుదర్శన్ నేల చూస్తూ అన్నాడు. "తారీఖు అత్తమ్మకు ఎరుక లేదు అన్నా. గ్రహణం అన్నది గంతే. మొదలు వినోద పాత ఆధార్ జిరాక్స్ తీసుకొని దవాఖానలల్ల తిరిగిన, ఎక్కడ దొరకలే. పుట్టింది డోర్నకల్ల అని వినోద చెప్తే అత్తమ్మ దగ్గరికి వోయిన. నీ షాపుల తీస్తే నువ్వు అడుగుతవని హనుమకొండ వోయిన. గ్రహణం అన్నంక యాదికొచ్చింది. పోయినేడు ఇదే దినం నువ్వు బోర్డు మీద రాసినవ్."

దేవదాస్ గోడకు ఆనుకున్నాడు. ఎన్నేళ్ళుగా రాశాడు దాన్ని! తన కళ్ళు చూసిన చీకటి గురించి వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పాడు. ఆ రోజు అమ్మ ఇంట్లో ఎందుకు లేదో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. వాడలో ప్రతివాడినీ ఆపి పుట్టిన రోజు అడిగాడు. ఒకే కప్పు కింద బతికే చెల్లెలిని మాత్రం పంతులు రాసిన తారీఖు కింద పదిమందిలో ఒకతెగా రాసి చేతులు దులుపుకున్నాడు.

"చెల్లే, నేను..." అని ఆగిపోయాడు.

వినోద కేకు ముక్క కోసి, అతని నోటి దగ్గర పట్టుకుంది.

"పెండ్లికి పెద్దోనిగ నువ్వే నిలబడాలె. ఇగ అనుమానం వెట్టుకోకు."

"పెట్టుకోను" అన్నాడు. తర్వాత, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఆధార్‌ల మార్పిస్తా. ఫారం నేనే నింపుత" అన్నాడు.

వినోద నవ్వలేదు.

"కాగితం మీద పంతులు రాసిందే ఉండనియ్యి. లోకంల అందరి పుట్టిన దినాలు యాదికుంటయ్ గదా నీకు. ఇదొక్కటి గూడ యాదికుంచుకో అన్నా, చాలు."

అతను నోరు తెరిచాడు, కేకు కోసం. కానీ ఏడుపు ముందు వచ్చింది.