గడప ముందు తెల్ల విసనకర్ర

మా ఆయన రాజగోపాల్ శుక్రవారం ఆఫీసు నుంచి వస్తూ అంగారకుణ్ణి తెచ్చాడు. అంటే, రెండు సంచుల ఇటుకపొడి, ఒక ప్లాస్టిక్ ట్రే, పెద్ద డబ్బా ఫెవికాల్. సోమవారం మా అమ్మాయి శిరీష బడిలో సైన్సు ప్రదర్శన. అంగారకుడి మీద ఒకప్పుడు నీళ్ళు పారాయని మనకెలా తెలిసిందో అది చూపించాలి.

నిరుడు తండ్రీకూతుళ్ళు చేసిన అగ్నిపర్వతం జడ్జీల ముందు పొంగలేదు. తుమ్మింది, అంతే. ఆ తర్వాత ఏడాది పొడుగునా బడిలో మా పిల్ల పేరు ‘తుమ్ము శిరీష’. ఈసారి కూడా అట్లాగే అయితే ఇక ప్రదర్శనల జోలికే పోనని ముందే చెప్పేసింది.

శనివారమంతా ఆయన చెంచాతో లోయ చెక్కాడు. వంపులు తిరిగిన నది, చివర చీలిన పాయలు, అంతా అంగారకుడి ఫొటోలో ఉన్నట్టే. చెదిరిపోకుండా పైన ఫెవికాల్ పూశాడు. ఆయన పద్ధతే అది. మా టీవీ రిమోట్ ఇప్పటికీ కొన్ననాటి కవర్లోనే ఉంది.

ఆదివారం పొద్దున శిరీష నీళ్ళు పోసి చూసింది. అవి రోడ్డు మీద జారినట్టు జారి వంటింటి గట్టు మీదికొచ్చాయి. లోయలో ఒక్క రేణువు కదల్లేదు.

"లోయను నీళ్ళు కదా నాన్నా తొవ్వాల్సింది?"

"నేను తొవ్వేసినా కదమ్మా. నీళ్ళకు పని తగ్గించినా."

"జడ్జి అడిగితే మా నాన్న తొవ్వినాడని చెప్పాల్నా? అంగారకుడి మీద కూడా నువ్వేనా?"

"అట్ల కాదే, అక్కడ గ్రావిటీ తక్కువ..."

"మన వంటిల్లు బెంగళూరు బెళ్ళందూరులోనే ఉండాది," అన్నాను నేను.

పిల్ల నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళతో పోయి గడప మీద కూర్చుంది.

మాది కింది అంతస్తు. గడప ముందు స్కూటరు దిగడానికి చిన్న వాలు, దాని కింద పార్కింగు. నేను రోజూ పాత ముగ్గు మీద బకెట్టు నీళ్ళు గుమ్మరించి కడుగుతాను. తడిగుడ్డతో తుడిస్తే పోదా అని ఆయన రోజూ అంటాడు. ఆ వాలు కిందే మా అపార్ట్‌మెంటు సెక్రెటరీ వెంకటరాయప్ప కారు. ఆ పూట నేను నీళ్ళు గుమ్మరించేసరికి వెంకటరాయప్ప కారు పక్కనే ఉన్నాడు.

"ఏమ్మా, మీ గడపకు చాలక దినామూ నా టైర్లకు కూడా ముగ్గు పెడ్తావా?"

"మీ కారుకు కూడా కళ ఉండాల కదన్నా," అంటూ చీపురు అందుకున్నాను.

"అమ్మా, ఊడ్చొద్దు!" శిరీష అరిచింది.

ముగ్గుపిండిని మోసుకుంటూ వాలు దిగిన నీళ్ళు చదును తగలగానే నెమ్మదించి, మోసిందంతా అక్కడే దించేశాయి. టైరు ముందు తెల్లటి విసనకర్ర పరుచుకుంది. దాని మీద సన్నటి పాయలు. ఎవరూ చెంచా పెట్టలేదు.

"నాన్నా, ఫొటోలో ఉండేది ఇదే! నీళ్ళు ఎండిపోయినా ఇది మిగుల్తుంది. అందుకే అక్కడ నీళ్ళు పారినాయని తెలిసింది."

మా ఆయన వచ్చి వంగి చూశాడు. "బాగుండాది. దీని మీద కొంచెం ఫెవికాల్..."

"ముట్టుకోవద్దు!" అన్నాం ఇద్దరం.

సోమవారం శిరీష ట్రేలో ఒక పలకను వాలుగా పెట్టి, దాని మీద వదులుగా ఇటుకపొడి పరిచింది. జడ్జి ముందు చెంబుతో సన్నగా నీళ్ళు పోసింది. మొదట ఏమీ కాలేదు. పొడి నీళ్ళను తాగేసింది. నా పక్కన ఈయన ఊపిరి బిగబట్టాడు. అంతలో పొడి కదిలింది. కాలువ తెగింది, పలక కింద ఎర్రటి విసనకర్ర విచ్చుకుంది.

"మళ్ళీ పోస్తే ఇట్లాగే వస్తుందా?" అన్నాడు జడ్జి.

"పాయలు వేరే దారి పట్టొచ్చు సార్. విసనకర్ర మాత్రం వస్తుంది."

పొయ్యమన్నాడు. వచ్చింది.

ఇంటికొచ్చే దారిలో శిరీష వచ్చే ఏడు చందమామ మీది గుంతలు చేస్తానంది. "నాన్నా, నువ్వు ఫొటోలు తీయి, చాలు."

మంగళవారం పొద్దున నేను కావాలనే తడిగుడ్డ పట్టుకుని గడప దగ్గరికి వెళ్ళాను.

"బకెట్టు ఏదే?" అన్నాడాయన. అప్పటికే వాలు కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు, ఫొటో తీయడానికి ఫోనుకు కవరు కూడా తీసేసి.