లోపల వదిలిన అంగుళం

మా ఆయన్ని వీధి వీధంతా అంగుళం మాస్టారు అనేది. ఏది కుట్టినా లోపలివైపు అంగుళం గుడ్డ మడిచి వదిలేవారు. "రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవద్దూ" అనేవారు. ఆ అంగుళాలన్నీ కలిపితే మన ఇంటికి పరదాలు వచ్చేవని నేను సణిగేదాన్ని.

రెడీమేడ్ బట్టలు వచ్చాక కొత్త గుడ్డ తెచ్చేవాళ్లు తగ్గారు. ఊళ్లో మిల్లు మూతపడ్డాక ఆ కొద్దిమందీ లేరు. రెండు మిషన్లు, ఒక బల్ల, నిలువెత్తు అద్దం, ఈగలు తోలుకుంటూ మేమిద్దరం. కుట్టే పని లేకపోయినా ఆయన రోజూ మిషన్లకు నూనె వేసేవారు.

"పాత బట్టలు సరిచేస్తామని బోర్డు పెడదామండీ" అన్నాను.

"కోట్లు కుట్టిన చేత్తో చిరుగులు కుట్టమంటావా?"

"కోట్లు కుట్టిన చెయ్యి కూడా నోటి దగ్గరికే కదా వెళ్లేది."

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు బోర్డు ఆయనే రాశారు.

వచ్చినవాళ్లంతా ఒకటే పని తెచ్చారు. ఫ్యాంటు నడుము తగ్గించాలి. జనం ఎంత చిక్కిపోయారో మా టేపుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మిల్లు వాచ్‌మన్ నడుమైతే ఏకంగా నాలుగు అంగుళాలు తగ్గింది. అతను సిగ్గుతో తల వంచుకుంటే ఈయన టేపు మెడలో వేసుకుని, "నువ్వేం తగ్గలేదు బాబూ, వాడి వాడి గుడ్డ సాగింది" అన్నారు. ఆ అబద్ధం కోసమే చాలామంది మా కొట్టుకు వచ్చేవాళ్లు.

నాకు పని నేర్పేటప్పుడు ఆయన ఒక్కమాటే పదేపదే చెప్పారు. "తగ్గించేటప్పుడు పొడుగు కుట్టు వెయ్యి. లోపలి గుడ్డ కత్తిరించకు. మంచిరోజులొస్తే ఒక్క లాగుకి ఊడి రావాలి."

ఆ తర్వాత ఆయనకే జబ్బు చేసింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఎక్కువ కాలం లేదని చెప్పాడు. ఆ మాట నా కడుపులోనే దాచుకున్నాను. నీలం చారల చొక్కా ఒంటిమీద వేలాడుతుంటే, మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు రెండు పక్కలా బిగించాను. పొడుగు కుట్టే వేశాను. గుడ్డ కత్తిరించలేదు. ఆయన మళ్లీ ఒళ్లు చేస్తారని నాకు నిజంగానే ఆశ ఉండేది.

లేచి, తొడుక్కుని, అద్దం ముందు నిలబడ్డారు. "బాగానే ఉందే" అన్నారు.

"మీరేం తగ్గలేదు" అన్నాను. తాతకు దగ్గులు నేర్పుతున్నానని అప్పుడు తోచలేదు.

ఆయన పోయి నెల తిరిగాక మా మరిది వచ్చి, అన్న గుర్తుగా ఒక చొక్కా ఇమ్మన్నాడు. అతను కాస్త బొద్దు మనిషి. "కూర్చో, వదులు చేసిస్తాను" అని నీలం చారల చొక్కా తిరగేసి దారం లాగాను. రాలేదు. నేను వేసిన పొడుగు కుట్టు అక్కడ లేదు. దాని చోట చీమల బారులా ఆయన చేతికుట్టు. లోపల అంగుళం కూడా లేదు. శుభ్రంగా కత్తిరించేశారు.

"ఇది నీకు పట్టదులే" అని మరిదికి ఇంకో చొక్కా ఇచ్చి పంపాను. ఆయనకు అంతా తెలుసు. తెలిసి కూడా నా అబద్ధాన్ని రోజూ తొడుక్కుని నా ముందు తిరిగారు.

వారం తర్వాత వాచ్‌మన్ వచ్చాడు. వేరే చోట పని దొరికిందట, ఫ్యాంటు నడుము పట్టడం లేదట. దాన్ని బల్లమీద పెడుతుంటే అతని చొక్కా మోచేతి దగ్గర అతుకు కనిపించింది. నీలం చారలు.

"ఇదెప్పుడు వేయించుకున్నావు బాబూ?"

"మాస్టారే వేసిచ్చారమ్మా, పోయే ముందు. గుడ్డ ఎక్కడిదండీ అంటే, ఒక చొక్కాలో మిగిలింది, ఇక దాన్ని విప్పే పనిలేదులే అన్నారు."

ఫ్యాంటు తిరగేసి దారం కొస పట్టుకున్నాను. ఒక్క లాగుకే మొత్తం ఊడి వచ్చింది. లోపల నాలుగు అంగుళాల గుడ్డా మడత చెదరకుండా, రంగైనా వెలవకుండా ఉంది. అప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏమైందమ్మా?" అన్నాడు వాచ్‌మన్ కంగారుగా.

"ఏం లేదు బాబూ. కూర్చో, ఇప్పుడే అయిపోతుంది."