దండలో నీలం పూసలు

నర్సు జిఫా నడుము కొలవడానికి టేపు పట్టుకుని లేచింది. మా ఆడపడుచు కోర్లెకీ వదిన చుట్టుగుడ్డ బిగించుకుని వెనక్కి జరిగింది.

"గుడ్డ మీంచే కొలుచుకో."

"అలా కొలిస్తే తప్పు లెక్క వస్తుందమ్మా."

"లోపల నడుముకి కట్టిన పూసలున్నాయి. మొగుడు తప్ప ఎవరూ చూడకూడదు."

"నేనూ ఆడదాన్నే కదా."

"అయితే నీవి కొలుచుకో పో!"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. షుగరు ఎవరికి వచ్చేలా ఉందో ముందే చూస్తామని, ఏమీ తినకుండా బడికి రమ్మన్నారు. అందరికీ ఆకలిగా ఉంది.

"అది పట్నం వాళ్ల జబ్బు. తొందరగా కానివ్వండి, ఇంట్లో మొక్కజొన్న బాంకు ముద్ద చల్లారిపోతోంది," అంది వదిన.

జిఫా టేపు పక్కన పెట్టి కాగితం తీసింది. "మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా?"

"అమ్మకి. పూసల బట్టీ పొగ."

"కాలికి పుండ్లు?"

వదిన చుట్టుగుడ్డ అంచు సర్దుకుంది. "ఒకటుండేది. అమ్మ పోయేదాకా మానలేదు."

"పొగకి కాలు పుండు పడదు కదమ్మా."

వదిన తల్లి, అంటే మా అత్త, ఊరందరికీ పూసలు గుచ్చేది. ఇప్పుడు వదిన గుచ్చుతోంది. ఆమె తన చేతివేళ్లు చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మామ్లే, నువ్వు రా. ఆ పిల్లని గోడకేసి తిరగమను."

తరగతి గది తలుపు వేశాం. వదిన దండ తెంపి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని బల్ల మీద పొడవుగా పరిచి, జిఫాని ఇటు తిరగమన్నాను.

పసుపు పూసలు పెళ్లినాటివి. అవి చేసిన ముసలాయన చనిపోయాక అలాంటివి దొరకలేదు. ఆ తర్వాత దండ బిగుతైనప్పుడల్లా వదిన నీలం పూసలు కలిపింది. "మా ఆయన నాకు తిండికి లోటు చేయలేదనడానికి సాక్ష్యం," అని ఆ నీలం గురించి మా అందరికీ చెప్పుకునేది. అదంతా జిఫాకి చెప్పాను.

జిఫా పసుపు మొదట్నుంచి నీలం చివరిదాకా దండ వెంట నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది. దాన్ని ముట్టుకోలేదు.

"నేను మనిషిని ఒక్క పూట చూస్తాను. ఇది పెళ్లినాటి నుంచి ఈ నడుముని చూస్తోంది," అంది.

ముగ్గురం బల్ల చుట్టూ నిలబడ్డాం. ఏళ్ల తరబడి మేం నవ్వుతూ విన్న నీలం అదే. బయట ఎవరో తలుపు కొట్టినా మేం కదల్లేదు.

తర్వాత వేలి నుంచి రక్తం తీశారు. జిఫా మిషను చూసింది.

"జబ్బు ఇంకా రాలేదు. గడప దాకా వచ్చింది."

"కళ్లు?" వదిన అడిగింది ఆ ఒక్కటే.

"తిండి తగ్గించి, నడిచి, మళ్లీ మళ్లీ చూపించుకుంటూ ఉంటే నిలుస్తాయి."

వదిన కొత్త దారంతో దండ గుచ్చి కట్టుకుంది. ఆనాటి నుంచి బాంకు ముద్ద సగం చేసింది. సంతకి బండెక్కడం మానేసి నడిచి వెళ్లేది. "మొగుడు తిండి పెట్టడం లేదా?" అని దారిలో వాళ్లు అడిగితే, "పెడతాడు, నేనే తినను," అనేది.

వానలు వెళ్లాక ఒక మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచింది. దండ నడుము మీద నిలవకుండా తుంటి మీదికి జారింది. వదిన దాన్ని తెంపింది. చివరి నుంచి కొన్ని నీలం పూసలు తీసి నా దోసిట్లో వేసింది.

"నీలం ఇంకా అన్నీ పోలేదు," అంది.

మిగిలిన వాటికి దారం మార్చాలి. కిటికీ దగ్గర కూర్చుని దారం కొన నోట తడిపింది. నేను గుచ్చిపెడతానంటే వద్దంది. నిలబడ్డ చోటు నుంచి పూస రంధ్రం నాకు కనిపించలేదు. ఆమెకి కనిపించింది. దారం మొదటిసారే దూరింది.

దోసిలి దించడం మర్చిపోయి, ఆమె రెండో పూస తీసుకోవడం చూస్తూ నిలబడ్డాను.