తెర మీద పేరు

ఆ నవల చివర్లో పిల్ల బావిలో దూకుతుంది. నీలవ్వకు గుర్తున్నది అదొక్కటే. వారపత్రికలో అది వచ్చే రోజుల్లో, పసుపు కొమ్ములు ఏరుతున్న ఆడవాళ్ళకు కూతురు తారే చదివి వినిపించేది. పెళ్ళి తప్పిపోయిన పిల్ల కథ. అందరూ కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ పనిలో పడ్డారు.

ఇప్పుడు దాన్నే పాటల సినిమాగా తీశారు. ఆర్మూరులో ఆడుతోంది.

లగ్నం పెట్టుకున్నాక కమ్మర్‌పల్లి వాళ్ళు తారతో సంబంధం వద్దని చెప్పి ఎనిమిది రోజులైంది. అప్పటినుంచి నోరు విప్పని తార, ఇంట్లో చెప్పకుండా ఒక్కతే మ్యాట్నీకి పోయిందని పక్కింటి అంజవ్వ చెప్పింది. కళ్లంలో పసుపు ఆరబోస్తున్న నీలవ్వ చేతిలోని చేట అక్కడే పడేసింది.

"సినిమాకే గదనే పోయింది, యుద్ధానికి పోయిందా?" అన్నాడు భర్త హన్మయ్య. "మబ్బు గానొస్తే ఇల్లు కూలిందంటవు నువ్వు."

ఆమె అప్పటికే తమ ఊరు పెర్కిట్ దాటి ఆర్మూరు రోడ్డు మీద పడింది.

టాకీసు చేరేసరికి ఇంటర్వెల్ అయిపోయి చాలాసేపైంది. టికెట్లు చూసే నర్సింలు గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"లోపల నా బిడ్డుంది తమ్మీ. జర పోనియ్యి."

"గంత చీకట్ల ఏడ దేవులాడ్తవక్కా? పేరు చెప్పు. అద్దం ముక్క మీద రాసి, మిషన్ల పెట్టి తెర మీద ఏస్తం. ఆమెనే ఉరికొస్తది."

తార పేరు నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. లోపల సగం ఊరుంది. సంబంధం తప్పిన పిల్ల పేరు పాట మధ్యలో అందరూ చదువుతారు. ఆ సిగ్గుతోనే ఏమైనా చేసుకుంటే? లోపల ఏదో పాట మొదలైంది. బావి దాకా ఇంకెన్ని పాటలున్నాయో!

"నీలవ్వ అని రాయి."

"బిడ్డ పేరా?"

"నాదే. పెర్కిట్ నీలవ్వ బయటికి రావాలె అని."

"నువ్వు బయటనే ఉన్నవ్ గదనే!"

"నీ కాళ్ళు మొక్కుత, రాయి."

కాసేపటికి తెర మీద పేరు పడ్డట్టుంది, లోపల ఈలలు, నవ్వులు. తలుపు తోసుకుని తార పరుగెత్తుకొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"అవ్వా! ఏమైంది? నాయిన మంచిగున్నడా?"

నీలవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది. "అందరు మంచిగున్నరు. ఇంటికి పా."

"మరి నీ పేరెందుకు ఎక్కిచ్చినవ్?"

"నీ పేరు ఎక్కియ్యలేక."

తార తలుపు వైపు చూసింది. "ఆఖరు చూసి వస్త. నువ్వు గూడ రా" అంది.

"నాకెర్కే ఆ ఆఖరు. వద్దు బిడ్డా."

"నాకు చూడాల్నని ఉంది."

నర్సింలు టికెట్ అడగకుండా పరదా ఎత్తాడు. ఇద్దరూ బెంచీ చివర ఇరుక్కుని కూర్చున్నారు. తెర మీద పిల్ల పాడుకుంటూ బావి వైపు నడుస్తోంది.

"మొన్న నేను మన బాయి కాడికి పోయిన," అంది తార, చెవి దగ్గర.

ప్రతిదానికీ ముందే భయపడే నీలవ్వ ఇప్పుడు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మరి?" అంది.

"గట్టు మీద కూసున్న. ఎండెక్కింది. ఆకలైంది. ఇంటికొచ్చిన."

చుట్టూ ఆడవాళ్ళు ముక్కులు చీదుతున్నారు. నీలవ్వ కూతురి ముఖాన్నే చూస్తోంది.

"ఇంకోపాలి పోవాల్ననిపిస్తే నాకు చెప్తవా?"

"చెప్త."

"మొకం ఇటు పెట్టి చెప్పు."

తార తిరిగింది. "చెప్తనే అవ్వా," అంటూ ఆమె భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

తెర మీది పిల్ల దూకిందో లేదో ఆ ఇద్దరూ చూడలేదు.