వరుసలో ఆఖరిదాన్ని

"గోగో, ఉచ్చ" అంది చిన్న మనవరాలు. గోగో అంటే నానమ్మ. దర్బన్ రేవులో ఓడ ఎక్కే వరుస అప్పుడే కదిలింది. దాన్ని చంకనేసుకుని మరుగుదొడ్డికి పరిగెత్తాను. వెళ్ళేలోపే లాగు తడిపేసింది. మార్చి, తడిది నా సంచిలో కుక్కుకుని వచ్చేసరికి మనవడు సానెలే ఎవరి సూట్‌కేసు మీదో ఎక్కి కూచున్నాడు. వాళ్ళ నాన్న, అంటే నా కొడుకు బెకాని, పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

"విశ్రాంతిగా ఉంటుంది అత్తయ్యా. వంట లేదు, గిన్నెలు లేవు" అంది కోడలు నొంటోబెకో, ఈ ఓడ విహారం మాట మొదటిసారి ఎత్తినప్పుడు. నమ్మాను. నమ్మి మా ఆయనకి కూడా చెప్పుకున్నాను. ఇంటి లోపలి మూల, పోయిన పెద్దల్ని తలుచుకునే చోట ఇంపెఫో ఆకు పొగ వేసి, మోకాళ్ళ మీద కూచుని, "వెళ్ళొస్తాను, నీ నల్లబట్టల్లోనే వెళ్తాను, కోపం పెట్టుకోకు" అన్నాను. ఆయన పోయింది మొన్న చలికాలంలో. ఏడాది నిండి శుద్ధి జరిగేదాకా ఈ నల్ల గౌను, నల్ల తలగుడ్డ నావే. కాపరానికొచ్చిన నాటి నుంచి కొండ మీది మా పెరట్లో బట్టలు పిండుతూ దూరంగా పోయే ఓడల్ని చూశాను. ఒకసారి చెయ్యి ఆపి చూస్తే, "సముద్రం చూసే తీరిక నీకెక్కడిదే" అన్నాడాయన. ఒడ్డు కనపడని చోట ఒక్క పూట ఊరికే కూచోవాలి. నాకున్న కోరిక అంతే.

ఆయన అక్క, మా వదిన తోకోజిలే, ముందు ఇంతెత్తున లేచింది. "మా తమ్ముడి మట్టి ఆరకముందే సముద్రం మీద గంతులేస్తావా మాగుమేదే?" అంది. మాగుమేదే అంటే నేనే, మా పుట్టింటి పేరుతో పిలుస్తారు. తనకూ టికెట్ ఉందని తెలిశాక మాత్రం, "సరే, నీ వెంట ఒక పెద్దదిక్కు ఉండొద్దూ" అంటూ ఎర్ర టోపీ కొనుక్కుంది.

పొద్దుట్నుంచీ నా చెవిలో ఆవిడ గొంతే. విధవ ముందు నడవకూడదు. నలుగురిలో గట్టిగా మాట్లాడకూడదు. ఎవరికీ చెయ్యి అందించకూడదు. అన్నీ విన్నాను. మరి చంకలో పిల్ల? భుజాన నాలుగు సంచులు? వీటికి నా అంటు తగలదా? నా గౌనుకున్న మైల నా చేతులకి లేదు కాబోలు. పని చేసే చోటల్లా నేను మడిగానే ఉంటాను.

"అన్నట్టు అత్తయ్యా" అంది కోడలు, కారులో చెప్పని మాట ఇక్కడ చెబుతూ, "పిల్లలు మీ గదిలో పడుకుంటారు. మాది బాల్కనీ గది, వాళ్ళకి ప్రమాదం కదా. మీ గదికి కిటికీ లేదు, వెలుతురు పడదు, హాయిగా నిద్రపోతారు."

కిటికీ లేదు. బెకాని వైపు చూశాను. "నీకు పిల్లలంటే ప్రాణం కదమ్మా" అన్నాడు, తల ఎత్తకుండా. ఇప్పుడు అనకపోతే ఇక అనలేను. అంటే ఏమంటారో? పోయిన మా ఆయన వింటున్నాడేమో? వరుస జరుగుతూనే ఉంది.

ఓడ మెట్ల దగ్గర వదిన చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. నువ్వు ఆఖర్న రావాలి." తను ఎక్కింది, కొడుకూ కోడలూ ఎక్కారు. పిల్లల చేతులు నా చేతుల్లోనే ఉండిపోయాయి. జనమంతా ఎక్కాక నా వంతు వచ్చింది.

తెల్ల చొక్కా అమ్మాయి నవ్వుతూ ఆపింది. "అమ్మా, పిల్లల చేతికి పట్టీ కట్టాలి. లోపల ప్రమాద గంట మోగినా, ఏం జరిగినా, వీళ్ళ భారం ఒక పెద్దవాళ్ళ పేరు మీద ఉంటుంది. మీ పేరేనా?"

తల దానంతటదే ఊగబోయింది. ఇన్నేళ్ళ అలవాటు.

"కాదు తల్లీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "వీళ్ళ అమ్మానాన్నా పైకెళ్ళారు. పిలిపించు."

"అయ్యో, పిల్లల్నే మరిచిపోయారా?"

"మరవలేదు. నేనున్నాను కదా అనుకున్నారు."

వాళ్ళు దిగొచ్చారు. వెనకే టోపీ పట్టుకుని వదిన. "ఏంటమ్మా ఇది, అందరి ముందూ?" అన్నాడు బెకాని.

"పట్టీలు మీ పేరున కట్టించుకోండి నాయనా. రాత్రి ఎక్కడ పడుకోబెట్టాలో కూడా మీరే చూసుకోండి. పగలు ఆడించమంటే, నాకు ఓపికున్నప్పుడు ఆడిస్తాను."

చిన్నది నా గౌను పట్టుకుని ఏడ్చింది. దాని వేళ్ళు విడదీసి తల్లి చేతిలో పెట్టడం, ఈ రోజు మొత్తంలో అదే కష్టమైన పని. పట్టీల అమ్మాయి, "మీరు వెళ్ళండమ్మా" అంది.

"ఆగు మాగుమేదే! మా వెనక రావాలి నువ్వు!" వదిన కేకకి జనం తిరిగి చూశారు.

ఆవిణ్ణి దాటి మొదటి మెట్టు ఎక్కాను. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెట్ల పక్క కమ్మీని గట్టిగా పట్టుకున్నాను, పైకి నడిచాను.